గొడ్లవాగు దాకా నాలుగు రోజులు

మొదటి రోజు: విజయవాడ, ఉప్పలపాడు

“తాతయ్యా, అదిగో రాబందు!”

పోయిన వారం పద్మావతి ఘాట్ మెట్ల మీద కూర్చుని ఉండగా నా మనవరాలు చెయ్యెత్తి చూపించింది. అది నల్లగద్ద. చేపల కోసం కృష్ణ మీద చక్కర్లు కొడుతోంది. “తోక చూడు తల్లీ, చివర చీలినట్టు ఉందా? అట్టా ఉంటే గద్ద” అన్నాను. “మరి రాబందు ఎట్టా ఉంటుంది?” అంది. దానికి తొమ్మిదేళ్ళు. దాని తల్లిని అడిగితే తనూ చూసిన గుర్తు లేదంది.

నేను పశువైద్యశాలలో కాంపౌండరుగా ముప్ఫై మూడేళ్ళు చేశాను. అందులో తొమ్మిదేళ్ళు పల్నాడు పల్లెల్లోనే గడిచాయి. చచ్చిపడిన ఒక్క గేదె చుట్టూ నలభై, యాభై రాబందులు మూగడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రెక్కలు చాపితే మన మంచం పొడుగుంటాయి తల్లీ, మెడ మీద ఈకలు ఉండవు, ఎందుకంటే తల లోపలికి పెట్టి తింటుంది, రక్తం అంటుకున్నా ఎండకి ఆరిపోతుంది అని చెప్పాను. చెప్తున్నానే గాని గొంతు పట్టేసింది. ఆ పక్షి లేకుండా పోవడంలో నా చెయ్యి కూడా ఉంది. ఆ ముక్క మాత్రం పిల్లకి చెప్పలేకపోయాను.

అందుకే సంక్రాంతి వెళ్ళిన వారంలో మా మేనల్లుడి కారులో బయల్దేరాను. నేను పనిచేసిన ఊరు మళ్ళీ చూడాలి. దారిలో కొండలూ మందుల షాపులూ కూడా చూడాలి. మందుల షాపులెందుకు మామయ్యా అని వాడు అడిగాడు. రేపు తెలుస్తుందిలే అన్నాను.

బ్యారేజీ దాటి, మంగళగిరి మీదుగా పెదకాకాని దగ్గర పక్కకి తిరిగి ఉప్పలపాడు చేరేసరికి పదిన్నర అయింది. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు కొమ్మ కనపడకుండా కూర్చున్నాయి. రెట్ట వాసన, పిల్లల అరుపులు, తల్లుల ముక్కుల టకటకలు. ఊరివాళ్ళు వాటి జోలికి పోరు, పోనివ్వరు. ఒక ఊరు మనసు పెడితే ఇన్ని పక్షులు బతుకుతాయి. కానీ రాబందుకి ఒక్క ఊరి దయ చాలదు. తిండి వెతుక్కుంటూ రోజుకి పదుల కిలోమీటర్లు తిరుగుతుంది. పది ఊళ్ళు బాగుండి పదకొండో ఊళ్ళో ఒక్క కళేబరం చెడ్డదైతే గుంపంతా అక్కడే వాలుతుంది. గూడకొంగకీ దీనికీ ఉన్న తేడా అదే.

రాత్రికి గుంటూరు బ్రాడీపేటలో నా పాత స్నేహితుడి ఇంట్లో దిగాం.

రెండో రోజు: గుంటూరు

ఈ రోజంతా మందుల షాపుల్లోనే గడిచింది.

ముందుగా కథ చెప్పాలి. తొంభైల మధ్యలో డైక్లోఫెనాక్ సూది మందు మా ఆసుపత్రులకు చేరింది. మనుషులకు ఒళ్ళు నొప్పులకి వాడే మందే. అంతకు ముందు మూడు రోజుల జ్వరం వచ్చిన ఎద్దుకి కీళ్ళు బిగుసుకుపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ పడి ఉంటే, రైతు పక్కనే గోనెపట్టా వేసుకుని పడుకునేవాడు. ఈ సూది వేస్తే పూట తిరక్కుండా లేచి గడ్డికి మూతి పెట్టేది. పొదుగు వాపుకి అదే, గాలికుంటుకి అదే, కాడి దిగిన ఎద్దు కుంటితే అదే. చవక కూడా. నా సంచిలో అది లేని రోజు లేదు. ఎన్ని వేల సూదులు వేశానో.

అదే కాలంలో రాజస్థాన్ భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ రాబందుల గూళ్ళు లెక్కపెడుతున్నారు. 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్ళు 353. పదేళ్ళు తిరక్కుండా సగం కూడా లేవు, ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒక్కటీ లేదు. చెట్ల మీద తలలు వేలాడేసి కూర్చుని, కూర్చున్నవి కూర్చున్నట్టే కింద పడి చస్తున్నాయి. ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో పరిశోధన చేసిన లిండ్సే ఓక్స్ బృందం అసలు సంగతి బయటపెట్టింది. చచ్చిన పక్షుల్ని కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. యూరిక్ ఆమ్లం గడ్డకట్టింది. మూత్రపిండాలు చెడిపోయాయి. కారణం డైక్లోఫెనాక్.

సూది వేసిన గొడ్డు బతికితే ఏ ప్రమాదమూ లేదు, కొన్నాళ్ళకి మందు ఒంట్లోంచి పోతుంది. సూది వేసినా బతకని గొడ్డుతోనే ముప్పు. రెండు మూడు రోజుల్లో చస్తే, మందు మాంసంలోనే ఉంటుంది. దాని మీద వాలిన గుంపు మొత్తం మింగుతుంది. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా జాతి మొత్తం కూలిపోవడానికి చాలని లెక్క కట్టి చూపించారు. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి తను గుడ్డు పెట్టడానికి దాదాపు ఐదేళ్ళు. చావు వేగాన్ని పుట్టుక అందుకోలేదు. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి మిగిలాయి. పొడుగు ముక్కువి, సన్న ముక్కువి నూటికి మూడు నాలుగు.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. ఆ కాగితం మా ఆసుపత్రికి వచ్చిన రోజు నేనే దాన్ని ఫైల్లో పెట్టాను. రెండుసార్లు చదివి, సంచిలో ఉన్న సీసాలన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. ఆ వరస ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది.

నిషేధంతో ఆగలేదు. మనుషులకి వాడే పెద్ద సీసాలు కొని గొడ్లకి పొడిచారు. ఒక సీసాతో ఒక గేదెకి సరిపోయేది. అందుకని 2015లో సీసా 3 మిల్లీలీటర్లు మించకూడదన్నారు. మేము వేసేది పదీ పదిహేను. మూడు మూడు చొప్పున అన్ని చిన్న సీసాలు కొట్టడం చిరాకు, ఖర్చు. ఆ చిరాకే కొన్ని పక్షుల్ని కాపాడిందని నా నమ్మకం. తర్వాత ఎసిక్లోఫెనాక్ వచ్చింది. అది పశువు ఒంట్లోకి వెళ్ళి డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ కీటోప్రొఫెన్‌నీ 2023లో, నిమెసులైడ్‌ని 2024 చివర్లో పశువులకు నిషేధించారు. ఒక్కో నిషేధానికీ ఏళ్ళు పట్టాయి.

ఇక షాపులు. ఏ వీధో, ఏ షాపో చెప్పను. అది నా ఉద్దేశం కాదు. మొదటి చోట కౌంటర్ మీద ఇరవై ఏళ్ళ కుర్రాడు. “గేదెకి ఒళ్ళు నొప్పుల సూది కావాలయ్యా” అన్నాను. అడక్కుండానే మెలాక్సికాం తీసి పెట్టాడు. ముప్ఫై మిల్లీల సీసా, మూత మీద రేకు, అట్ట మీద ఎద్దు బొమ్మ. చేతిలో పట్టుకుంటే చల్లగా తగిలింది. నాకెందుకో ఆ కుర్రాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. రాబందులకి హాని చెయ్యదని 2006లోనే పరీక్షించి తేల్చిన మందు అది. “వేరేది లేదా?” అని కావాలనే అడిగా. “ఇదే మంచిది బాబాయ్, డాక్టర్లందరూ ఇదే రాస్తున్నారు” అన్నాడు. రాబందు సంగతి అతనికి తెలియదు. చెప్పాను. పని ఆపి విన్నాడు.

రెండో చోటా, మూడో చోటా మెలాక్సికామే. నాలుగో చోట మాత్రం పెద్దాయన నా ముఖం కూడా చూడకుండా “డైక్లో కావాలంటే చిన్నవి నాలుగిస్తా, కలిపి కొట్టుకోండి” అన్నాడు. మా మేనల్లుడికి అప్పుడు అర్థమయింది నేను షాపులెందుకు తిరుగుతున్నానో. ఆయనతో పోట్లాడలేదు. 2006 సంగతి, మూత్రపిండాల సంగతి నిదానంగా చెప్పాను. నేను కాంపౌండర్నని, నేనూ ఇదే చేశానని చెప్పాక ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మాకెవురూ ఇట్టా చెప్పలేదండి” అన్నాడు.

రాబందుల్ని కాపాడటం అంటే అడవిలో పని అనుకుంటాం. చాలా వరకు ఇక్కడే, ఈ కౌంటర్ల మీదే ఉంది.

మూడో రోజు: కొండవీడు

పొద్దున్నే బయల్దేరాం. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, కారు అద్దాలు ఎత్తినా ఘాటు ఆగలేదు. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి, రెడ్డిరాజుల బురుజుల పక్కన చెరువు గట్టు మీద బైనాక్యులర్ పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. పొడుగు ముక్కు రాబందులు ఇట్లాంటి రాతి చరియల్లోనే గూడు పెడతాయి. తెలంగాణలో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద 2013లో వాటి గూళ్ళు కనిపించాయి. ఆ కబురు పేపర్లో చూసిన రోజు నేను మా ఆవిడని పిలిచి పైకి చదివి వినిపించాను. చరియల మీద గూటి కింద రెట్ట పడి తెల్లగా సున్నపు చారలు దిగి ఉంటాయి, దూరం నుంచి అదే గుర్తు. కొండవీడులో ప్రతి చరియా చూశాను. చారల్లేవు. నల్లగద్దలు నాలుగు, ఒక డేగ, లెక్కలేనన్ని ఉడతలు. అంతే.

దిగి వస్తుంటే కొండ కింద గొర్రెల మంద కనిపించింది. కాపరికి యాభై ఉంటాయి. మాటల్లో పెట్టి రాబందుల్ని చూశావా అంటే, చిన్నప్పుడు చూశానన్నాడు.

“ఇప్పుడు అన్నీ కుక్కలేనయ్యా. మొన్న మూడు పిల్లల్ని చంపినయ్.”

“మరేం చేశావు?”

“చచ్చిన పిల్లమీదనే గుళికలు చల్లి పడేశా. రెండు కుక్కలు పడ్డయ్.”

మా మేనల్లుడు నా వైపు చూశాడు. వరి పొలంలో వేసే గుళికల మందే. అస్సాంలో, ఇంకా చాలా చోట్ల రాబందులు గుంపులు గుంపులుగా చస్తున్నది ఇట్లా విషం పెట్టిన కళేబరాల వల్లే. ఎవరూ రాబందు కోసం పెట్టరు. కుక్క కోసమో, తోడేలు కోసమో, చిరుత కోసమో పెడతారు. ముందు వాలేది ఇది. అతని మీద కోపం రాలేదు. మూడు గొర్రెపిల్లలంటే అతనికి ఒక నెల కూడు. “ఆ కుక్కలు ఇంత ఎందుకు పెరిగినయ్యో తెలుసా?” అని అడిగి, చెట్టు నీడలో కూర్చుని చెప్పాను. చచ్చిన గొడ్డుని ఇదివరకు గంటలో తినేసే పక్షి పోయింది. ఇప్పుడు ఆ మాంసం వారం రోజులు కుక్కలకే. తిండి దొరికితే ఈనడం ఆగదు. అతను తల ఊపుతూ విన్నాడు. గుళికల సంచి ఇంట్లో ఉందన్నాడు, పిల్లలకి అందకుండా పెట్టమని చెప్పి లేచాను. ఇక వాడడని నాకు నమ్మకం లేదు.

ఆ రాత్రి నరసరావుపేట లాడ్జిలో నిద్ర సరిగా పట్టలేదు.

నాలుగో రోజు: కోటప్పకొండ, గొడ్లవాగు

తెల్లవారుజామునే కోటప్పకొండ ఎక్కి త్రికూటేశ్వరుణ్ణి దర్శనం చేసుకున్నాం. కాకులు వాలని కొండ అని పేరు. మెట్ల పక్కన నిలబడి మా అమ్మ చెప్పిన ఇంకో కొండ గుర్తు చేసుకున్నాను. మా అమ్మ కంచి యాత్రకి వెళ్ళినప్పుడు చెంగల్పట్టు దగ్గర పక్షితీర్థం వెళ్ళింది. మధ్యాహ్నం వేళకి రెండు తెల్ల పక్షులు వచ్చి అర్చకుడి ముందు చక్కెర పొంగలి తిని వెళ్ళేవట. కాశీ నుంచి వస్తాయనేది. అవి పసుపు ముఖం తెల్ల రాబందులని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తొంభైల తర్వాత అక్కడికి ఏ పక్షీ రావట్లేదు. రాముడు తన చేత్తో దహనం చేసింది జటాయువుని. లేపాక్షికి పేరు తెచ్చిందీ ఆ పక్షే అని చెప్పుకుంటాం. ఇళ్ళల్లో మాత్రం వడ్డీలకిచ్చి పీక్కుతినేవాణ్ణి రాబందు అంటాం. రాబందు బతికున్నదాన్ని ముట్టదు. ఈ మాట ఎవరన్నా అన్నప్పుడు నేను ఊరుకోను.

నేను పనిచేసిన ఊరు ఫిరంగిపురం దాటాక లోపలికి ఉంటుంది. ఊరి బయట వాగు ఒడ్డున చచ్చిన గొడ్లని వేసే చోటుని గొడ్లవాగు అనేవాళ్ళు. తోలు పని చేసేవాళ్ళు తోలు తీసుకున్నాక మిగిలింది రాబందులది. అవి వదిలిన ఎముకలు తెల్లగా కడిగినట్టు ఉండేవి, ఏడాదికోసారి ఎముకల వ్యాపారి బండి వచ్చి ఎత్తుకుపోయేది. వాగు పక్కన మూడు తాటిచెట్లు, ఒక పెద్ద చింతచెట్టు. చింతచెట్టు మీద గూళ్ళు.

నాకు తెలిసిన పెద్దాయన ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని నన్ను గొంతు బట్టి గుర్తుపట్టాడు. “డాక్టరు గారా! ఎన్నాళ్ళకయ్యా!” కాంపౌండర్ని కూడా పల్లెలో డాక్టరు గారనే అంటారు. కాఫీ ఇచ్చి ఆయన మనవడి తోడుతో నన్ను వాగు దాకా తీసుకెళ్ళాడు. దారిలోనే అడిగాను.

“మీ బూడిద రంగు ఎద్దు జ్ఞాపకముందా? రెండు రోజులు సూదులేశాను, మూడో రోజు పోయింది.”

“ఉంది. కోటప్పకొండ తిరనాళ్ళ ముందు.”

“ఆ తర్వాత వారం రాబందులు చెట్టు మీద తలలు వేలాడేసి కూర్చున్నాయని మీరే చెప్పారు నాకు.”

పెద్దాయన ఆగాడు. “ఔను. ఎండ దెబ్బ అనుకున్నాం. శివరాత్రికి ఎండ యాడిది?”

ఇంకేం అనలేదు ఇద్దరం. చింతచెట్టు లేదు, మొద్దు కూడా లేదు. తాటిచెట్లు రెండు ఉన్నాయి. వాటి పక్కనుంచి కొత్తగా హైటెన్షన్ లైను వేశారు. గొడ్లవాగులో సగం ప్లాస్టిక్ కవర్లు. వాటి మధ్య ఒక దూడ కళేబరం, దాని చుట్టూ ఏడు కుక్కలు. మేము దగ్గరికి పోతే అవి పక్కకి జరగలేదు. పళ్ళు చూపించాయి. కళేబరం కింద నుంచి నల్లటి నీరు కారి వాగులోకి పోతోంది. రాబందు కడుపులో ఆమ్లం దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిమిని కూడా అరిగిస్తుంది. కుక్కకి ఆ శక్తి లేదు.

పెద్దాయన మనవడు ప్యాంటు పైకి ఎత్తి పిక్క మీద మచ్చ చూపించాడు. “ఈ కుక్కల్లోదే. గుంటూరు పెద్దాసుపత్రికి పోయి సూదులు వేయించుకొచ్చాం తాతా.” 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క వేశారు. రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 వరకు అదనంగా సుమారు ఐదు లక్షల మంది చనిపోయారని. నీళ్ళు చెడిపోవడం, కుక్కలు పెరగడం, రేబిస్. ఆ లెక్క చదివినప్పుడు అంకె నాకు సరిగా అందలేదు. ఆ పిక్క మీద మచ్చ చూశాక అందింది.

ఊళ్ళోకి తిరిగొచ్చి రైతు సేవా కేంద్రానికి వెళ్ళాను. పశు సంవర్ధక సహాయకురాలు పాతికేళ్ళ అమ్మాయి. నా ఉద్యోగం చెప్పగానే కుర్చీ వేసి “కూర్చోండి సార్” అంది. సంచి చూపించమ్మా అని అడిగాను. తప్పుగా అనుకోలేదు. జిప్పు తీసి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. మెలాక్సికాం, బి కాంప్లెక్స్, కాల్షియం, యాంటీబయోటిక్, దూది, సిరంజిలు. డైక్లోఫెనాక్ లేదు. నేను ఒకప్పుడు పెట్టిన వరస లాగే ఉంది, ఆ ఒక్క సీసా తప్ప.

“ఈ చుట్టుపక్కల రాబందులు లేవు కదా సార్, మరి ఇదెందుకు?” అని అడిగింది. మంచి ప్రశ్న. హర్యానా పింజోర్‌లో, మన హైదరాబాద్ జూలో పిల్లల్ని పుట్టించి పెంచుతున్నారమ్మా అన్నాను. పెంచినవాటిని వదలాలంటే ముందు వాటి కింద ఉన్న నేల శుభ్రంగా ఉండాలి. నీలగిరుల దగ్గర మోయార్ లోయలో కొన్ని ఇంకా ఉన్నాయి. రాబందు ఎగరడం మొదలుపెడితే ఏ ఊరి గొడ్లవాగు మీద వాలుతుందో ఎవరికీ తెలియదు.

ఆమె వైద్యం రిజిస్టరు చూపించింది. తేదీ, రైతు పేరు, పశువు, జబ్బు, మందు. చివర కొంచెం ఖాళీ ఉంది. “చచ్చిపోతే ఏం చేశారో రాసే గడి లేదమ్మా” అన్నాను. “నొప్పుల సూది ఏది వేసినా, వారం లోపు గొడ్డు చస్తే బయట పడెయ్యకుండా లోతుగా పాతిపెట్టమని చెప్పాలి. పాతిపెట్టారో లేదో నువ్వు అడిగి రాయాలి.”

“ఎంత లోతు సార్?”

“కుక్కలు తవ్వలేనంత. ఆరడుగులు. సున్నం చల్లి.”

స్కేలు తీసుకుని ఎర్ర పెన్నుతో ఆ ఖాళీలో నిలువుగా గీత గీసింది. పైన “పాతిపెట్టారా” అని రాసింది. కింద మొదటి గడిలో నిన్న చనిపోయిన దూడ వివరం రాయబోయి ఆగింది. వాగు దగ్గర మేము చూసింది ఆ దూడే. మొన్న ఆమే సూది వేసిందట. మెలాక్సికామే. అయినా పెన్ను బల్ల మీద పెట్టి, రైతుకి ఫోన్ చేసి, పార తీసుకుని గొడ్లవాగుకి రమ్మంది. “సార్, మీరూ వస్తారా?” అని అడిగింది.

మా మేనల్లుడు అప్పటికే కారు డిక్కీ తీసి, ఊళ్ళో ఇంకో పార ఎవరిస్తారని అడుగుతున్నాడు.